నవాబుగారి ఉత్తరం

మొన్నామధ్య మా ఆఫీసులో రెండు గంటల ట్రైనింగొకటి పెట్టారు. వేరే దేశాల వాళ్ళతో కలిసి పనిచేసేటప్పుడు ఎలా మసలుకోవాలి అనేది విషయం. జర్మన్లతో ఇలా ఉండాలి, జపాన్ వాళ్ళతో అలా ఉండాలి, ఇంగ్లీషువాడు "ఇంటరెస్టింగ్" అన్నాడంటే మెచ్చుకున్నట్టు కాదు, మనవాళ్ళు తల అడ్డంగా ఊపితే అవతలివాళ్ళు బెంబేలెత్తిపోతారు కాబట్టి ఊపకూడదు - ఇట్లాంటివన్నమాట. అన్నీ తప్పనను, కొన్ని పనికొచ్చేవే. కానీ చివర్లో ఆ ట్రైనరు గారు ఓ మాటన్నారు. మన తాతముత్తాతలకి ఈ బాధ లేదట. ఊళ్ళో పుట్టి, ఊళ్ళోనే పనిచేసి, తమ భాషే మాట్లాడుకుని వెళ్ళిపోయారట. పరాయి సంస్కృతి వాళ్ళ కింద ఉద్యోగం చేస్తున్న మొదటి తరం మనదేనట.

మాది ఆదోని. ఆ మాట వినగానే నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు పోయి, నేను చేసిన ఓ పని గుర్తొచ్చింది. అది చివర్లో చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు మా వైపు సంగతులు కొన్ని చెప్పాలి.

మంత్రాలయం వెళ్ళినవాళ్ళందరూ ఈ కథ వినే ఉంటారు. ఆదోనిలో వెంకన్న అని ఓ కుర్రాడు. తల్లిదండ్రుల్లేరు, పశువులు కాసుకునేవాడు, అక్షరమ్ముక్క రాదు. ఓ రోజు రాఘవేంద్రస్వామి ఆ దారిన వెళుతూ వాణ్ణి చూసి జాలిపడి, మంత్రాక్షతలిచ్చి, ఎప్పుడైనా ఆపదొస్తే నన్ను తల్చుకో అన్నారు. కొన్నాళ్ళకి ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ గుర్రమ్మీద పోతుంటే ఎవరో ఉత్తరం తెచ్చిచ్చారు. ఆయనకి చదవడం కుదర్లేదు. పక్కన కనపడ్డ వెంకన్నకిచ్చి చదవమన్నాడు. రాదు మహాప్రభో అంటే నమ్మలేదు, చదవకపోతే చంపుతానన్నాడు. వెంకన్న స్వామిని తల్చుకుని కాగితం విప్పితే అక్షరాలు వాటంతటవే నోట్లోంచి వచ్చేశాయి. పైగా అది శుభవార్త. నవాబు సంతోషించి వెంకన్నని దివానుగా పెట్టుకున్నాడు. ఆ దివాను వల్లే తర్వాత మంచాల గ్రామం స్వామివారికి దక్కింది. అదే నేటి మంత్రాలయం. స్వామి బృందావన ప్రవేశం 1671లో.

చిన్నప్పుడు మా అవ్వ ఈ కథ చెబితే మహిమగానే విన్నాను. ఇప్పుడూ మహిమ సంగతి నేనేం అనబోవడం లేదు, ఎవరి నమ్మకం వాళ్ళది. కానీ ఉద్యోగంలో చేరి పదేళ్ళయ్యాక ఈ కథలో నాకు ఇంకోటి కనపడింది. ఇది ఉద్యోగం కథ! పై అధికారి చేతిలో ఉన్న కాగితం ఒక భాషలో ఉంది, ఆయన ఇంకో భాష మనిషి, ఎదురుగా నిలబడ్డవాడిది మూడో భాష. చదవగలిగితే దివాను పదవి, చదవలేకపోతే తల పోతుంది. మధ్యలో ఇంకేం లేదు. ఆ కాలంలో మా ఊళ్ళో కచేరీ పని ఎంత భయంగా ఉండేదో ఆ కథ కట్టినవాళ్ళకి బాగా తెలుసు.

ఒక్కసారి ఆ ఆదోనిని ఊహించుకోండి. మసూద్ ఖాన్ సిద్దీ, అంటే ఆఫ్రికా మూలాల నుంచి వచ్చినవాడు. కొలువు బిజాపూర్ ఆదిల్‌షాహీలది. వాళ్ళ దర్బారు భాష ఫారసీ. బిజాపూర్ వాళ్ళ శిస్తు లెక్కలు రాసేది మరాఠీ బ్రాహ్మలు. శిస్తు కట్టేది తెలుగు, కన్నడం మాట్లాడే రైతులు. అలా ఉండగా 1680ల చివర్లో మొగలాయిలు వచ్చి కోట పట్టుకుని ఊరిపేరు ఇంతియాజ్‌గఢ్ అన్నారు. ఆ తర్వాత నిజాం వాళ్ళు. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోని జాగీరు ఏలేటప్పుడు ఆయన సైన్యంలో ఫ్రెంచివాళ్ళు కూడా ఉన్నారు. 1786లో టిప్పు సుల్తాన్ వచ్చి ముట్టడించాడు. 1800లో నిజాం ఈ జిల్లాలన్నీ ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. దత్తమండలాలంటే అవే. నూటయాభై ఏళ్ళలోపే ఇన్ని యాజమాన్యాలు మారాయి. మన కంపెనీల్లో ఒక మెర్జరుకే జనం వణికిపోతారు :)

కంపెనీవాళ్ళు ఇక్కడికి పంపిన ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఉన్నాడు. ఈయన సివిల్ ఉద్యోగి కాదు, సైనికుడు. మరి సైనికుణ్ణి శిస్తు వసూళ్ళకెందుకు పెట్టారు? అంతకుముందు 1792లో టిప్పు దగ్గర్నుంచి బారామహల్ (ఇప్పటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి వైపు) చేజిక్కినప్పుడు, మద్రాసులో ఉన్న సివిల్ ఉద్యోగులకి దేశభాషలు సరిగా రావని గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ మిలిటరీవాళ్ళని పంపించాడు. వాళ్ళలో మన్రో ఒకడు. అంటే ఆయన పదోన్నతికి దారి వేసింది ఆయన నేర్చుకున్న భాషలే. ఇది గమనించాల్సిన సంగతి. ఆ రోజుల్లో "కమ్యూనికేషన్ స్కిల్స్" అంటే తెల్లదొర మన భాష నేర్చుకోవడం! 

మన్రో 1802లో దత్తమండలాల్లో భూమి సర్వే మొదలుపెట్టాడు. అప్పుడు ఈ ప్రాంతం మొత్తంలో భూమి కొలవడం తెలిసినవాళ్ళు నలుగురే నలుగురు. ఆ నలుగురూ ఆయన బారామహల్ నుంచి వెంటబెట్టుకొచ్చిన గుమాస్తాలు. నాకు ఈ ముక్క చదివినప్పుడు భలే అనిపించింది. మనం ఆన్‌సైట్ నుంచి నలుగుర్ని తెప్పించి టీముకి కెటి ఇప్పించమూ, అదే ఇది. కొలత గొలుసు 33 అడుగులది. అలాంటి చదరాలు 40 కలిస్తే ఎకరం. లెక్క వేసి చూడండి, సరిగ్గా 43,560 చదరపు అడుగులొస్తాయి. ఆ నలుగురూ ఇక్కడివాళ్ళకి నేర్పారు, వాళ్ళు ఇంకొందరికి నేర్పారు. కొన్నేళ్ళలో సర్వే పూర్తయింది. ఆ గుమాస్తాల పేర్లు మనకెవరికీ తెలీవు. మన్రో పేరు మాత్రం పిల్లలకి మన్రోలప్ప అని పెట్టుకున్నారని చెబుతారు.

ఇక కాగితాలెలా నడిచేవో చూడండి. ఊళ్ళో కరణం తెలుగులోనో కన్నడంలోనో లెక్క రాస్తాడు. అది పైకి పోతే కచేరీలో మరాఠీలో, మోడి లిపిలోకి మారుతుంది. కంపెనీ వచ్చాక కూడా చాలా ఏళ్ళు శిస్తు దస్తరాలు మరాఠీలోనే నడిచాయి. అక్కణ్ణించి ఇంగ్లీషులోకి మారి మద్రాసు రెవిన్యూ బోర్డుకి పోతుంది. ఒక రైతు పొలం గురించిన ఒక్క నిజం మూడు భాషలు దాటాలి. సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళకి చెప్పక్కర్లేదు, డేటా ఎన్ని చోట్ల ఫార్మాటు మారితే అన్నిచోట్ల బొక్కలుంటాయి. ఇక్కడా అదే జరిగింది. పొలాన్ని తక్కువ చేసి రాసేవాళ్ళు, సారవంతమైన నేలని బీడని రాసేవాళ్ళు, లంచాలు పట్టేవాళ్ళు - ఈ గొడవలన్నీ మన్రో కాలపు రిపోర్టుల నిండా ఉన్నాయి. రెండు భాషలు తెలిసినవాడు మధ్యలో కూర్చుంటే ఇద్దరికీ వాడే దిక్కు. దుబాసీ అనే మాటకి మన దగ్గర అంత మంచి పేరు లేకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను.

ఇంకో తమాషా. ఇప్పటికీ మన రెవిన్యూ ఆఫీసులో మాటలు చూడండి. రైతు, తాసీల్దారు, జమాబందీ, ఫసలీ - ఇవన్నీ అరబ్బీ ఫారసీల నుంచి వచ్చినవి. గుమాస్తా ఫారసీ. మండీలో మూటలు మోసే హమాలీ అరబ్బీ. అడంగల్ ఏమో అరవం! పట్టాదారు పాసుపుస్తకంలో "పాసుపుస్తకం" సగం ఇంగ్లీషు. అడంగల్లో సంవత్సరం ఫసలీ లెక్కన ఉంటుంది: మన సంవత్సరంలోంచి 590 తీసెయ్యాలి, జూలై 1న మొదలు. 2025 జూలైలో మొదలైనది 1435వ ఫసలీ. మొగలాయిలు పోయారు, నిజాం పోయాడు, కంపెనీ పోయింది, ఢిల్లీలో ఎన్ని ప్రభుత్వాలో మారాయి. లెగసీ కోడు మాత్రం అలాగే నడుస్తోంది. దాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ లేదు.

మన్రో గురించి మంత్రాలయంలోనే ఇంకో కథుంది. మఠం మాన్యాల సంగతి విచారించడానికి ఆయన వెళితే, బృందావనంలోంచి స్వామి లేచి వచ్చి ఆయనతో మాట్లాడారట. మిగతావాళ్ళకి స్వామి కనపడలేదు, దొర ఒక్కడే మాట్లాడుతున్నట్టు కనపడిందట. ఏ భాషలో మాట్లాడుకున్నారో మాత్రం ఎవరూ అడగరు. నాకు నచ్చేదేమిటంటే, ఆ కథలో మధ్యన దుబాసీ లేడు. ఇద్దరూ నేరుగా మాట్లాడుకున్నారు, పని అయిపోయింది. మా వైపు జనం కోరుకున్నది అదేనేమో. మన్రో చివరికి మద్రాసు గవర్నరయ్యాక, దత్తమండలాల్ని ఆఖరుసారి చూడ్డానికొచ్చి 1827 జూలై 6న కలరాతో పత్తికొండలో పోయాడు. మాకు పక్కనే.

1808లో దత్తమండలాల్ని బళ్ళారి, కడప జిల్లాలుగా విడగొట్టారు. ఆదోని బళ్ళారిలోకి పోయింది. 1820ల మొదట్లో అక్కడ కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్. ఈయన అంతకుముందే 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు అచ్చేయించినవాడు. ఆ వ్యాకరణం ముందుమాటలోనే ఎల్లిస్ అనే ఆయన దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదు, వేరే కుటుంబం అని మొదటిసారి చూపించాడు. అట్లాంటి పుస్తకం రాసినాయన మా జిల్లాకి కలెక్టరు. మన్రో ప్రభుత్వం బడుల లెక్క అడిగితే 1823లో కాంప్‌బెల్ పంపిన రిపోర్టు ఇప్పటికీ చాలామంది ఉదహరిస్తుంటారు. జిల్లాలో మొత్తం 533 బడులు. కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, ఫారసీ 21, అరవం 4, ఇంగ్లీషు 1. చదివే పిల్లలు 6,641 మంది.

ఈ అంకెల్ని కాసేపు చూస్తూ కూర్చోండి. కన్నడం, తెలుగు దాదాపు సమానం. మరాఠీ బడులు ఎందుకున్నాయి? కచేరీ ఉద్యోగాలకి. ఫారసీ ఎందుకుంది? పాత దర్బారుల వాసన ఇంకా పోలేదు కాబట్టి. ఇంగ్లీషు బడి ఒక్కటే, ఎందుకంటే ఇంకా దాంతో అన్నం రాదు. తర్వాత వందేళ్ళలో ఆ వరస ఎలా తారుమారైందో నేను చెప్పక్కర్లేదు. బతుకుతెరువు ఏ భాషలో ఉంటే మన బడి ఆ భాషలోకి మారుతూనే వచ్చింది.

ఆ రిపోర్టులోనే కాంప్‌బెల్ ఇంకో రెండు మాటలు రాశాడు. పిల్లలు వల్లెవేసే పద్యాల భాష వేరు, వ్యవహారంలో వాడే భాష వేరు, అర్థం తెలీకుండానే అప్పజెబుతున్నారని ఒకటి. చాలామంది పిల్లల్ని బడికి పంపలేకపోతున్నారు, కారణం పేదరికం; ఇంగ్లండు నుంచి వచ్చే బట్ట వల్ల ఇక్కడి నేతగాళ్ళ సంపాదన పడిపోయింది అని రెండోది. కంపెనీ ఉద్యోగే కంపెనీకి రాసిన మాట ఇది. అంటే అప్పటికే మా ఊళ్ళ మగ్గం మాంచెస్టరు మిల్లుతో పోటీపడి ఓడిపోతోంది. గ్లోబలైజేషన్ అంటే 1991 అనుకునేవాళ్ళకి ఈ రిపోర్టు చదివి వినిపించాలి.

సరే, ముందుకు పోదాం. 1871లో మద్రాసు రైలుమార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. ఆదోని ఆ దారిలోనే ఉంది. పత్తి వ్యాపారం ఊపందుకుంది. మార్వాడీలు, గుజరాతీలు వచ్చి స్థిరపడ్డారు. జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, మండీలు. ఆదోనిని రెండో బొంబాయి అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు మా పెద్దలు. 

మా తాత అట్లాంటి ఓ మండీలో గుమాస్తా. నాకు ఊహ తెలిసేసరికి మానేశాడు గానీ ఆ మాటలన్నీ చెబుతుండేవాడు. ఒక పూటలో ఎన్ని భాషలు మాట్లాడేవాడో! పత్తి తెచ్చిన రైతుతో తెలుగు. సిరుగుప్ప వైపు నుంచి బండి తోలుకొచ్చినవాడితో కన్నడం. హమాలీలతో ఉర్దూ. సేటుతో ఓ రకం హిందీ. అన్నీ కలిపి తిట్టడానికి వేరే భాష ఉండేదనుకోండి :) ఇవేవీ ఆయన ఏ బడిలోనూ నేర్చుకోలేదు. కానీ ఒకటి మాత్రం పట్టుబట్టి నేర్చుకున్నాడు. సేట్లు ఖాతాలు రాసుకునే మహాజనీ లిపి. దాంట్లో గుణింతాలు సరిగా ఉండవు. కాకా అజ్మేర్ వెళ్ళాడని ఉత్తరం రాస్తే, కాకా ఆజ్ మర్ గయా అని చదువుకుని ఇంట్లోవాళ్ళు ఏడ్చారని ఆ లిపి మీద పాత జోకొకటుంది. అట్లాంటి లిపిని తాత రాత్రిళ్ళు దీపం పెట్టుకుని నేర్చుకున్నాడట.

ఎందుకు తాతా అంత కష్టం అనడిగాను ఒకసారి.

"రేయ్, మన జీతం యాడ రాసిండారో మనం సదువుకోవాల గదరా. వాళ్ళు సదివి సెప్తే వాళ్ళు సెప్పిందే లెక్క" అన్నాడు.

ట్రైనింగుల్లో చెప్పని పాఠం ఇది. అవతలివాడి పద్ధతి నేర్చుకునేది వాణ్ణి మెప్పించడానికి కాదు, మన లెక్క మనం చూసుకోవడానికి.

భాష అక్కర్లేని పద్ధతి కూడా ఒకటుంది మా దగ్గర. ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర ప్రతి జనవరిలో జరుగుతుంది. ఎద్దుల సంతకి పేరు. చిన్నప్పుడు మా మామతో పోయి చూశాను. బేరగాళ్ళిద్దరూ టవల్ కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. ఒకడిది కన్నడం, ఒకడిది తెలుగు అయినా పర్లేదు. పక్కనున్నవాడికి ధర తెలీదు. మొహాల్లో ఏ మార్పూ ఉండదు. కుదిరితే టవల్ తీస్తారు. ఈ రోజు చూస్తే అది శుభ్రమైన ప్రోటోకాలు. కానీ ఒకటి గమనించండి: వేళ్ళతో ధర చెప్పొచ్చు, "ఈ ఎద్దుకి కాలు కుంటిది" అని చెప్పలేం. అంకెలకే పనికొస్తుంది. మన టికెట్ సిస్టములూ, స్టేటస్ షీట్లలో ఎరుపు పసుపు ఆకుపచ్చ రంగులూ అచ్చంగా ఆ టవల్ కింది వేళ్ళే.

1953 అక్టోబర్ 1 మా వాళ్ళకి ఇంకో రకం అనుభవం. ఆ రోజు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. వాంఛూ కమిటీ, మిశ్రా కమిషన్, ఎన్నో గొడవల తర్వాత బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకి, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. బళ్ళారి ఊరు మైసూరుకి పోయింది. నూటయాభై ఏళ్ళుగా ఏ పనికైనా బళ్ళారి పోయిన జనం, ఒక్క రోజులో కర్నూలు వైపు తిరగాల్సొచ్చింది. అక్కడేమో రాజధాని ఆఫీసులు గుడారాల్లో! కచేరీ ఉద్యోగుల్లో ఇంట్లో ఒక భాష, ఫైల్లో ఒక భాష ఉన్నవాళ్ళు ఏ వైపు పోవాలో తేల్చుకోవాలి. ఒకే ఇంట్లో అన్న అటు, తమ్ముడు ఇటు. ఇంత చేసీ నది మాత్రం చీలలేదు. తుంగభద్ర ఆనకట్టని 1945లో మొదలుపెట్టినప్పుడే మద్రాసు ప్రభుత్వం ఒక గట్టునుంచీ, నిజాం ప్రభుత్వం ఇంకో గట్టునుంచీ కట్టాయి. దిగువ కాలవ అక్కడ హొస్పేట దగ్గర పుట్టి బళ్ళారి జిల్లా దాటి మా పొలాలకొస్తుంది. ఎవరి భాష వాళ్ళది అని గీత గీసినంత మాత్రాన కాలవకేం తెలుస్తుంది? అందుకే 1953లోనే తుంగభద్ర బోర్డు పెట్టాల్సొచ్చింది. రెండు రాష్ట్రాల ఉద్యోగులు కలిసి ఆ నీళ్ళ లెక్క చూడాల్సిందే.

మా వాళ్ళ నాలుక మీద కూడా గీత పడలేదు. పొద్దున ఉగ్గాని బజ్జీ తింటూ ఒక్క వాక్యంలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపేసే మనుషులు మేము. హైదరాబాదొచ్చిన కొత్తలో నా తెలుగు విని తెలుగువాళ్ళే నవ్వేవాళ్ళు. నేను ఏడాదిలో యాస మార్చేసుకున్నాను. అప్పుడు అదేదో తెలివైన పని అనుకున్నాను.

ఎమ్మిగనూరు గురించి ఒక మాట చెప్పి అసలు విషయానికొస్తాను. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఇళ్ళల్లో కన్నడం మాట్లాడే నేతవాళ్ళూ, తెలుగు మాట్లాడే నేతవాళ్ళూ ఉన్న ఊరది. కాంప్‌బెల్ రాసిన ఆ ఓటమికి నూటపదిహేనేళ్ళ తర్వాత వచ్చిన జవాబు ఆ సంఘం అనిపిస్తుంది నాకు. చేనేత సహకార సంఘం పనిచేసే పద్ధతి చూడండి: నేతగాడు ఊరు వదలక్కర్లేదు, మిల్లు సైరనుకి లేవక్కర్లేదు. నూలు సంఘం తెస్తుంది, బట్ట సంఘం అమ్మిపెడుతుంది. దూరపు మార్కెట్టు భాషేమిటో, కొలతలేమిటో సంఘం చూసుకుంటుంది. సర్దుకోవడమనే బరువు మగ్గం ముందు కూర్చున్నవాడి మీద కాక సంస్థ మీద పడుతుంది. ఆ పద్ధతికీ కష్టాలొచ్చాయి, మరమగ్గాల ముందు చేనేత నిలబడలేక ఎంతోమంది వేరే పనుల్లోకి పోయారు. అయినా ఆ ఆలోచన మాత్రం గొప్పది.

ఇప్పుడు నా సంగతి.

కొన్నేళ్ళ క్రితం నా టీములో ఓ కుర్రాడు చేరాడు. ఎమ్మిగనూరు వీవర్స్ కాలనీ. నాన్న నేతపని. మా ఊరివాడని ముచ్చటపడ్డాను గానీ, ఆఫీసులో ఆ సంగతి పెద్దగా బయటపెట్టలేదు. మంచి ప్రోగ్రామరు. ఓ రోజు యూరప్ క్లయింటుతో కాల్. వాళ్ళ మేనేజరు కొత్త మాడ్యూలొకటి నెలాఖరుకి కావాలన్నాడు. అది కుదరదని మాకందరికీ తెలుసు. మావాడు ఇంగ్లీషులో "చూద్దాం సార్" అన్నాడు. క్లయింటు థాంక్యూ అన్నాడు.

మా వైపు "చూద్దాంలేప్పా" అంటే ఏమిటో మీకు తెలుసా? కాదని అర్థం. పెద్దవాళ్ళ మొహమ్మీద కాదని అనకూడదు కాబట్టి అలా అంటాం. పెళ్ళిసంబంధం వద్దనుకున్నా అదే మాట, అప్పు ఇవ్వదల్చుకోకపోయినా అదే మాట. విన్నవాడు ఇంక మళ్ళీ అడగడు. ఆ కాల్లో పదకొండు మందిమి ఉన్నాం. ఆ మాటకి అసలు అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మ్యూట్‌లో ఉన్నాను. తీసి "కుదరదు అంటున్నాడు" అని ఒక్క ముక్క చెప్పాలి. చెప్పలేదు. పేచీ నా నోటి ద్వారా ఎందుకు రావాలి అనుకున్నాను. పైగా మా ఊరి మాటని విడమర్చి చెబితే నేనూ ఆ ఊరివాణ్ణేనని తెలిసిపోతుందని కూడా ఏ మూలో ఉందేమో.

నెలాఖరొచ్చింది. మాడ్యూలు లేదు. ఒప్పుకుని చెయ్యలేదని క్లయింటు పైవాళ్ళకి రాశాడు. కారణం చూపించాలి కదా. అప్రైజల్లో అతని కింద "కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపడాలి" అని రాసి రేటింగు తగ్గించారు. రాసింది నేనే. ఆర్నెల్లు తిరక్కుండా అతను ఉద్యోగం మానేశాడు.

ట్రైనింగులో కూర్చుని నేను లెక్కేసుకున్నది ఇదీ. మూడువందల యాభై ఏళ్ళలో మా ఊరు మూడు దారులు చూసింది. పైవాడు కిందివాడి భాష నేర్చుకోవడం, మన్రోలాగా, కాంప్‌బెల్‌లాగా. అది శిస్తు కోసమే అయినా సరే, నేర్చుకున్నారు. ఇద్దరి మధ్యా ఒక దుబాసీ ఉండటం. వాడు మోసం చేస్తే కొంప మునుగుతుంది. టవల్ కింద వేళ్ళు; అంకెలు దాటి ఏమీ చెప్పలేదు. ఆ రోజు కాల్లో క్లయింటు మా భాష నేర్చుకోలేదు, వాడికా అవసరం లేదు. షీటులో గడి ఆకుపచ్చగానే ఉంది. మిగిలింది దుబాసీ. దుబాసీని నేను. లంచం తీసుకుని అబద్ధం చెప్పిన పాత గుమాస్తాకీ, మ్యూట్‌లో కూర్చున్న నాకూ పెద్ద తేడా ఏముంది?

మన ట్రైనింగులన్నీ వెంకన్నకే. ఉత్తరం చదవడం వెంకన్న నేర్చుకోవాలి, చదవకపోతే తప్పు వెంకన్నది. నవాబుగారు ఆ ఉత్తరాన్ని చదువొచ్చినవాడికి ఇచ్చి ఉండొచ్చు కదా అని ఎవరూ అనరు. పక్కన చదవొచ్చినవాడు ఉండీ నోరు మూసుకున్నాడేమో అని అసలే అనరు. కుర్రాళ్ళు "లేదు, కుదరదు" అని చెప్పడం నేర్చుకోవాలి, ఒప్పుకుంటాను. మా తాత మహాజనీ నేర్చుకున్నట్టు. కానీ వాళ్ళు నేర్చుకునేలోపు మధ్యలో ఉన్నవాళ్ళం మనం చెయ్యాల్సిన పనొకటుంది. ఇప్పుడు నేను కాల్సులో ఎవరైనా "చూద్దాం", "ట్రై చేస్తాం" అంటే మ్యూట్ తీసి, అంటే అవుతుందా అవదా, ఎన్ని రోజులు అని అందరి ముందూ అడుగుతున్నాను. చిన్నపనే. ఆ రోజు చెయ్యలేకపోయిన పని.

ట్రైనింగైన సాయంత్రం అతనికి ఫోన్ చేశాను. ఇప్పుడు బెంగుళూరులో ఉన్నాడు. మన యాసలోనే మాట్లాడాను, చాలా ఏళ్ళ తర్వాత. జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "పోనీలేన్నా, అయిపోయిండేదానికి యాల" అన్నాడు. వాళ్ళ నాన్న ఎట్లున్నాడని అడిగాను. మగ్గం తీసేసినారు అన్నాడు. జనవరిలో జాతరకొస్తాను, నువ్వూ వస్తే ఎమ్మిగనూరులో కలుద్దామా అన్నాను.

"చూద్దాంలేన్నా" అన్నాడు.

మళ్ళీ అడగలేదు.